సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లు రాయడం మొదలుపెట్టాలంటే: పుస్తకాల వేట నుంచి మొదటి కథ పంపేదాకా

"సైన్స్ ఫిక్షన్ అంటే పిచ్చి. రాయాలని కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" విజయవాడ నుంచి, గుంటూరు నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. అడిగేవాళ్లలో కొందరు చదువుతూనే ఉండిపోతారు, కలం పట్టరు. ఇంకొందరు రాస్తారు, కానీ ఆ కథలో రోబోను తీసేసి పనిమనిషిని పెట్టినా ఏమీ తేడా రాదు. ఈ రెండో జబ్బు ముదిరినది, అందుకే దానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

దశలు వరుసగా చేయండి. మూడోది చేయకుండా నాలుగోదానికి దూకితే ఫలితం ఉండదు.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఖర్చు పెద్దగా లేదు. కావాల్సినవి ఇవి:

- చదివిన కథల గురించి రాసుకోవడానికి ఒక రూళ్ల నోట్‌బుక్.
- ఐడియాలకు జేబులో పట్టే చిన్న పుస్తకం. ఈ రెండూ కలపొద్దు. కలిస్తే వెతుక్కోవడంతోనే సరిపోతుంది.
- యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ (యూనికోడ్ అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా అక్షరాలు సరిగా కనిపించే పద్ధతి). ఫోన్‌లో జీబోర్డ్ చాలు. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు నేర్చుకుంటే వేగం వస్తుంది, అంత ఓపిక లేకపోతే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే లేఖిని వెబ్‌సైట్ ఉంది.
- మండలి, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్ ఒకటి.
- గూగుల్ డాక్స్‌లో ఒక్కో కథకు ఒక్కో ఫోల్డర్.

చేత్తో రాసి డీటీపీ సెంటర్‌లో కొట్టించే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. అను ఫాంట్లలో చేసిన ఫైలును అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులే కనిపిస్తాయి. యూనికోడ్‌లోనే చేసివ్వమని ముందే చెప్పండి.

సమయం విషయానికొస్తే, చదవడానికీ రాయడానికీ వేర్వేరు వేళలు పెట్టుకోండి. విజయవాడ, గుంటూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకు బస్సు ప్రయాణం చదవడానికి బాగుంటుంది. రాయడం మాత్రం కూర్చుని చేయాల్సిన పనే. ఎండాకాలంలో మన దగ్గర మధ్యాహ్నాలు బుర్ర పనిచేయదు కాబట్టి తెల్లవారుజామున లేవడం మేలు.

2. పుస్తకాలు పోగేయడం

విజయవాడలో ఉంటే ఏలూరు రోడ్డు నుంచి మొదలుపెట్టండి. కొత్త పుస్తకాల షాపులు చూసుకుని, లెనిన్ సెంటర్‌లో రోడ్డు పక్కన ఉండే పాత పుస్తకాల వాళ్ల దగ్గరికి వెళ్లండి.

అక్కడ "సైన్స్ ఫిక్షన్ ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. పాత తెలుగు సైన్స్ ఫిక్షన్‌కు విడిగా అర ఎప్పుడూ లేదు. పాత డిటెక్టివ్ నవలలు, పిల్లల పుస్తకాలు, సోవియట్ పుస్తకాలు చూపించమనండి. మీకు కావాల్సింది ఆ మూడు కట్టల్లోనే దాక్కుని ఉంటుంది. మాస్కో ప్రచురణ సంస్థలు మీర్, రాదుగల పుస్తకాలు తెలుగులో కనిపిస్తే వదలొద్దు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను చింపి బైండు చేయించినవి కూడా తగులుతుంటాయి.

డబ్బులిచ్చే ముందు చూసుకోవాల్సినవి:

- చివరి పేజీలు ఉన్నాయా? బైండు పుస్తకాల్లో మొదట పోయేవి అవే.
- సీరియల్ అయితే మధ్యలో వారాలు తప్పాయా?
- చెదపురుగు తిన్న గుర్తులున్నాయా? ఉంటే ఎంత చవకైనా వద్దు, ఇంట్లో మిగతా వాటికి అంటుకుంటుంది.
- అనువాదమైతే మూల రచయిత పేరు ఎక్కడైనా వేశారా? లేకపోతే ఆ కథ ఎక్కడిదో మీరే తర్వాత వెతుక్కోవాలి.

జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికి జాబితాతో వెళ్లండి. మొదటిసారి ఏమీ కొనకుండా తిరిగి, స్టాల్ నంబర్లు రాసుకుని, ఇంకోసారి వెళ్లి కొనడం మంచిది. చివరి రోజుకు వాయిదా వేస్తే జనం ఎక్కువ, పుస్తకాలు తక్కువ.

గుంటూరువాళ్లకు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పుస్తకాల కోసం ఊరు దాటాల్సిన పని లేదు.

ఇంట్లో కూర్చునే దొరికేవీ ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. శ్రీకాకుళంలోని కథానిలయం వాళ్ల వెబ్‌సైట్‌లో పాత కథల స్కాన్లు ఉన్నాయి. ఇంగ్లీషు చదవగలిగితే క్లార్క్స్‌వరల్డ్, స్ట్రేంజ్ హొరైజన్స్ లాంటి పత్రికలు కొత్త కథలను ఉచితంగానే పెడతాయి.

రాయాలనుకునేవాళ్లు నవలల కన్నా కథలు ముందు చదవాలని నా అభిప్రాయం. నవలలో రచయిత వంద పేజీల్లో చేసే పనిని కథ పది పేజీల్లో ఎలా చేస్తుందో చూడటమే అసలు శిక్షణ.

3. చదివే పద్ధతి

మొదటిసారి పాఠకుడిలాగే చదవండి, పెన్ను పక్కన పెట్టేసి. నచ్చితేనే రెండోసారి. రెండోసారి చదివాక నోట్‌బుక్‌లో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి:

- ఈ కథాలోకంలో మారినది ఏమిటి? ఒక్క వాక్యంలో.
- ఆ మార్పు నాకు ఏ పేజీలో, ఏ వస్తువు వల్ల తెలిసింది?
- దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు?
- ఆ మార్పును తీసేస్తే కథ నిలబడుతుందా?

నాలుగో ప్రశ్నకు "నిలబడుతుంది" అని జవాబు వస్తే అది వేరే రకం కథ. పైన సైన్స్ రంగు వేశారంతే. పేరున్న కథలు కూడా ఈ పరీక్షలో తప్పుతాయి, కంగారు పడకండి.

ఇంకో అభ్యాసం: కథను మూడొంతులు చదివి ఆపేయండి. ముగింపు మీరే నాలుగు వాక్యాల్లో రాసుకుని, మిగతాది తర్వాత చదవండి. రచయిత మీకన్నా ఎక్కడ లోతుకు వెళ్లారో వెంటనే తెలుస్తుంది.

4. ఐడియాను కథగా మార్చడం

ఎక్కువమంది చిక్కుకుపోయేది ఇక్కడే. అందుకే ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం.

2024 సెప్టెంబరు వరదలు మనవాళ్లెవరూ మరిచిపోలేదు. సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. దాన్నుంచే మొదలుపెడదాం.

4.1 మార్పును ఒక్క వాక్యంలో రాయండి

"ఏ ఇంట్లోకి, ఏ తేదీన, ఎన్ని అడుగుల నీళ్లు వస్తాయో నెల ముందే చెప్పే యాప్ వచ్చింది."

ఒక్క మార్పే. యాప్‌తో పాటు ఎగిరే కార్లు, మాట్లాడే కుక్కలు వద్దు. ఒక్క అబద్ధమైతే పాఠకుడు సర్దుకుపోతాడు. రెండోది వేసేసరికి అనుమానపడతాడు.

4.2 మొదట తట్టిన ఫలితాలు రాసి, కొట్టేయండి

జనం ముందే ఖాళీ చేస్తారు. ప్రాణనష్టం తప్పుతుంది. ప్రభుత్వం పడవలు సిద్ధం చేస్తుంది. ఇవి అందరికీ తడతాయి. నోట్‌బుక్‌లో రాయండి, గీత కొట్టండి.

4.3 రెండో వరుస ఫలితాలు వెతకండి

ఇప్పుడు డబ్బు, పెళ్లి, అద్దె, అప్పు, పక్కింటివాళ్లు అనే వైపుల నుంచి ఆలోచించండి.

కింది వాటాల అద్దె పడిపోతుంది. మేడ మీది వాటాలకు అడ్వాన్స్ పెరుగుతుంది. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతంతో పాటు ఇంటి రిపోర్టు కూడా అడుగుతారు. హోమ్ లోన్‌కు బ్యాంకువాళ్లు అదే అడుగుతారు. ఖాళీ చేసిన వీధుల్లో దొంగలు పడతారు.

ఇంకా ముందుకు వెళ్లండి. అవతలి ఒడ్డున కట్ట తెగితే మన వీధి అంచనా మూడు అడుగుల నుంచి సున్నాకి దిగుతుందని యాప్ చూపించింది. ఆ రాత్రి కట్ట మీద కాపలా ఎవరు? గునపాలతో వచ్చేది ఎవరు? కథ వాసన ఇక్కడ తగలడం మొదలవుతుంది.

4.4 ఎక్కువ నష్టపోయే మనిషిని పట్టుకోండి

యాప్ కనిపెట్టిన సైంటిస్టు మీద కథ రాయాలని చేతులు ఉవ్విళ్లూరుతాయి. ఆపండి. ఆయన దగ్గర వివరాలుంటాయి, ఇబ్బంది ఉండదు.

కింది వాటాలో మూడు కుట్టు మిషన్లు పెట్టుకుని అద్దెకుండే టైలర్‌ను తీసుకోండి. యాప్‌కు నెలనెలా డబ్బు కట్టాలి, ఆమె కట్టలేదు. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు కట్టాడు. కింది వాటాలోకి నాలుగు అడుగులు వస్తాయని ఆయనకు తెలిసింది. చెబితే ఆమె ఖాళీ చేస్తుంది, అడ్వాన్స్ తిరిగివ్వాలి. ఆ డబ్బు కూతురి ఫీజుకు ఎప్పుడో వాడేశాడు.

ఆయన దుర్మార్గుడు కానక్కర్లేదు. రోజూ మెట్లు దిగుతూ "ఏమ్మా, పనెలా ఉంది?" అని అడుగుతాడు. "బాగానే ఉంది బాబాయ్, దసరా ఆర్డర్లు వస్తున్నాయి" అని ఆమె అంటుంది. చెప్పాల్సిన మాట గొంతులోనే ఆగిపోతుంది.

4.5 మార్పును వస్తువులో చూపించండి

యాప్ ఎలా పుట్టిందో రెండు పేజీలు వివరించొద్దు. మొదటి పేరాలో ఒక టు-లెట్ బోర్డు పెట్టండి: "రెండు బెడ్‌రూమ్‌లు, కృష్ణా నీళ్లు, జీరో అడుగులు. శాకాహారులకు మాత్రమే." ఆ బోర్డు చదివిన పాఠకుడికి లోకం మారిందని తెలిసిపోతుంది. ఎలా మారిందో తెలుసుకోవడానికి తర్వాతి పేజీ తిప్పుతాడు.

4.6 తీసేసి చూడండి

యాప్ లేదనుకోండి. ఓనరు దాచడానికి ఏమీ లేదు, కథే లేదు. పరీక్ష నెగ్గింది. నెగ్గకపోతే 4.3కి వెనక్కి వెళ్లండి.

5. సైన్స్ సరిచూసుకోవడం

రాసే ముందు ఒక పూట దీనికి పెట్టండి. సైన్స్ చదివినవాళ్లే సైన్స్ ఫిక్షన్ రాయాలని లేదు, కానీ తెలిసినవాళ్లు పగలబడి నవ్వేలా ఉండకూడదు.

తరచూ అవసరమయ్యే లెక్కలు కొన్ని:

- చంద్రుడి మీద గురుత్వాకర్షణ భూమి మీద దానిలో ఆరో వంతు. అంగారకుడి మీద సుమారు 38 శాతం.
- చంద్రుడి మీద ఒక పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు. 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 ల్యాండర్‌ను ఆ ఒక్క పగటికి సరిపడా పనిచేసేలా తయారుచేశారు.
- అంగారకుడికి రేడియో సిగ్నల్ వెళ్లడానికి దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు.
- 1977లో బయలుదేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక వేగం సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు. ఆ వేగంతో సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రమంత దూరం వెళ్లాలంటే 75 వేల ఏళ్లు పడుతుంది.
- శూన్యంలో శబ్దం ప్రయాణించదు. అంతరిక్షంలో బాంబు పేలితే "ఢాం" వినపడదు.

మూడో లెక్క ఒక్కటే బోలెడు డైలాగు సీన్లను కొట్టేస్తుంది. గుంటూరులో అత్తగారు, అంగారకుడి మీద కోడలు ఫోన్‌లో పోట్లాడుకోలేరు. వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోవాల్సిందే. అయితే నలభై నిమిషాల తర్వాత వచ్చే జవాబు కోసం ఎదురుచూసే పోట్లాట మామూలు పోట్లాట కన్నా బాగా పండుతుంది.

సైన్స్‌ను అడ్డంకి అనుకోవద్దని చెప్పడానికి ఇంకో ఉదాహరణ. "మనుషులకు కారం తెలియకుండా పోయింది, గుంటూరు మిర్చి యార్డు ఏమవుతుంది?" అని ఒక ఐడియా ఉందనుకోండి. ధర పడిపోవడం దగ్గరే ఆగిపోతే అది మొదటి వరుస ఫలితం. కొంచెం చదివితే అసలు సంగతి బయటపడుతుంది. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌ను పట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకమే (నాడుల్లో ఉండే ఒక ప్రోటీన్) సుమారు 43 డిగ్రీలు దాటిన వేడిని కూడా పసిగడుతుంది. దీన్ని గుర్తించినందుకే శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో భాగం దక్కింది. ఈ గ్రాహకాన్ని అడ్డుకునే మందులను మనుషుల మీద పరీక్షించినప్పుడు కొందరికి వేడి సరిగా తెలియకపోవడం, ఒళ్లు వేడెక్కడం కనిపించాయి.

ఇప్పుడు చూడండి. మీ కథలో కారం తెలియనివాళ్లకు చేయి కాలుతున్నా ఆలస్యంగా తెలుస్తుంది. మిర్చి ధర గురించి ఏడుస్తున్న రైతు ఇంట్లో, మనవరాలు మరిగే పాలగిన్నెను ఉత్తి చేతులతో దించుతుంది. ఈ సీన్ ఆలోచించి పుట్టించింది కాదు, చదివితే దొరికింది.

స్థానిక వివరాలకూ ఇదే పద్ధతి. వరద కథలో సింగ్‌నగర్‌ను కృష్ణ ముంచిందని రాస్తే విజయవాడ పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. అక్కడ ముంచింది బుడమేరు వాగు. బుడమేరు నీళ్లను అదుపు చేసే వెలగలేరు రెగ్యులేటర్ ఎక్కడుంది, ఆ నీళ్లను మళ్లించే బుడమేరు డైవర్షన్ ఛానల్ కృష్ణలో ఎక్కడ కలుస్తుంది, నది నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్లు ఎందుకు లాగవు అనేవి మ్యాప్ ముందేసుకుని చూడండి. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంటే సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైనే. అంకెను ఇలా మార్చుకుని చూస్తేనే దాని బరువు తెలుస్తుంది.

వీలైతే ఒకసారి శ్రీహరికోట ప్రయోగం చూసి రండి. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సూళ్లూరుపేట దాకా రైలుంది. వెలుగు ముందు కనిపించి, శబ్దం ఆలస్యంగా వస్తుంది. ఆ వ్యవధి అనుభవించినవాళ్లు రాకెట్ సీన్ రాసే తీరే వేరు.

6. మొదటి డ్రాఫ్ట్

ఇక్కడ చెప్పేది తక్కువ. కూర్చుని రాయాలి.

రోజుకు ఒక పేజీ పెట్టుకోండి. నిన్నటిది సరిదిద్దుతూ కూర్చోకండి, చివరిదాకా వెళ్లాకే వెనక్కి రండి. లెక్క గుర్తు రాకపోతే ఖాళీ వదిలి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ముందుకు సాగండి. వికీపీడియా తెరిస్తే ఆ పూట అయిపోయినట్టే. పూర్తయ్యాక కొన్ని వారాలు ముట్టుకోవద్దు.

7. తరచూ కనిపించే తప్పులు, సవరణలు

తప్పు: పాత్రలు పాఠం చెప్పుకోవడం. "నీకు తెలుసు కదా రవీ, 2080లో..." అని మొదలయ్యే ప్రతి డైలాగూ తీసేయండి. తెలిసినవాడికి మళ్లీ ఎందుకు చెబుతాడు? సవరణ: తెలియని మనిషిని సీన్‌లోకి తేండి, లేదా ఆ సమాచారం మీద ఇద్దరికీ గొడవ పెట్టండి. గొడవలో వివరాలు వాటంతట అవే బయటికొస్తాయి.

తప్పు: అందరూ అమెరికాలో ఉండటం. పేర్లు మనవే, ప్రయోగశాల మాత్రం నెవాడాలో. సవరణ: కథను మీరు నడిచిన వీధిలోకి తెచ్చి పెట్టండి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, బెజవాడ జంక్షన్ ప్లాట్‌ఫారాలు మీకు తెలిసినంతగా నెవాడా తెలియదు.

తప్పు: చివర్లో "అంతా కల" లేదా "అతనూ రోబోనే". పాఠకుడు రెండో పేజీలోనే పసిగడతాడు. సవరణ: ఆ రహస్యాన్ని మొదటి పేజీలోనే చెప్పేసి, దాని తర్వాత ఏం జరుగుతుందో రాయండి. చాలాసార్లు అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

తప్పు: భాష రెండు పడవల మీద ఉండటం. ఒక పేరాలో "అంతరిక్ష నౌకా నియంత్రణ కేంద్రం", తర్వాతి పేరాలో "కంట్రోల్ రూమ్". సవరణ: కథ మొదలుపెట్టే ముందే పదాల పట్టిక రాసుకోండి. పాత్ర నోట్లో ఏ మాట సహజంగా వస్తుందో అదే డైలాగులో పెట్టండి, కథనంలో ఒకే మాటకు కట్టుబడండి. అనుమానం వస్తే ఆంధ్రభారతి నిఘంటువు ఉంది.

తప్పు: వందేళ్ల తర్వాత కూడా ఇంటి పనంతా ఆడవాళ్లే చేయడం. యంత్రాలు మారాయి, వంటగది మారలేదు. కావాలని అలా ఉంచితే సరే, అప్పుడు కథలో దానికి కారణం కనిపించాలి. ఆలోచించకుండా వదిలేస్తే మాత్రం ఆ భవిష్యత్తును ఎవరూ నమ్మరు.

8. ఇతరులతో చదివించడం

ఇద్దరు చాలు. ఒకరు సైన్స్ ఫిక్షన్ బాగా చదివినవాళ్లు, ఇంకొకరు అసలు చదవనివాళ్లు. ఇంట్లోవాళ్లు "బాగుందమ్మా" అంటారు, అది లెక్కలోకి రాదు.

"ఎలా ఉంది?" అని అడగొద్దు. ఇలా అడగండి:

- ఎక్కడ విసుగొచ్చింది? ఆ చోట పెన్సిల్ గీత పెట్టండి.
- ఈ లోకంలో ఏం మారిందో మీ మాటల్లో చెప్పండి.
- ఎవరి మీద జాలేసింది?
- ముగింపు ముందే తెలిసిపోయిందా? ఎక్కడ?

రెండో ప్రశ్నకు తప్పు జవాబు వస్తే వివరణ ఇవ్వకండి. కథలో ఆ చోటు మార్చండి. పత్రిక కొన్నవాళ్లందరి పక్కనా కూర్చుని మీరు వివరించలేరు కదా!

9. పత్రికకు పంపడం

ఏ పత్రికకు పంపుతున్నారో దాని ఇటీవలి సంచికలు రెండు మూడు చదవండి. అచ్చయిన కథలో మాటలు లెక్కపెట్టి మీ కథతో పోల్చండి. దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో చోటు తక్కువ, పొడవైన కథ అక్కడ పట్టదు. ఈమాట, సారంగ లాంటి వెబ్ పత్రికల్లో చోటుకు అంత ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో రాసేవాళ్లకు 7,500 పదాల లోపుదే చిన్నకథ లెక్క.

పంపే ముందు చూసుకోవాల్సినవి:

- యూనికోడ్ ఫైలు, పేజీ నంబర్లు, కథ పేరు.
- హామీపత్రం: కథ సొంతమనీ, అనువాదం గానీ అనుసరణ గానీ కాదనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ.
- చిరునామా, ఫోన్ నంబరు.
- పంపిన తేదీ మీ నోట్‌బుక్‌లో.
- ఏఐ గురించి ఆ పత్రిక నియమం. యంత్రంతో రాయించిన కథలు వెల్లువెత్తడంతో క్లార్క్స్‌వరల్డ్ 2023 ఫిబ్రవరిలో కొన్నాళ్లు కథలు తీసుకోవడమే ఆపేసింది. సంపాదకులు ఈ విషయంలో ఇప్పుడు కఠినంగా ఉంటున్నారు.

ఒకే కథను ఒకేసారి రెండు పత్రికలకు పంపకండి. రెండూ వేసుకుంటే రెండు చోట్లా మీ పేరు పోతుంది. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు. నియమాల్లో చెప్పిన గడువు దాటాక ఒక్క మెయిల్ మర్యాదగా పెట్టండి, సంపాదకుడికి ఫోన్లు చేయొద్దు. గడువు రాసి లేకపోతే మూడు నెలలు ఆగి, కథను వెనక్కి తీసుకుంటున్నట్టు తెలియజేసి, ఆ తర్వాతే ఇంకో పత్రికకు పంపండి. కొత్త పత్రిక నిడివి వేరుగా ఉంటుంది కాబట్టి మాటలు మళ్లీ లెక్కపెట్టుకోండి, హామీపత్రం మీద తేదీ కూడా మార్చండి.